గిటారుకు మేరువు

“నట్టు కావాలండీ,” అన్నాను.

“ఏ సైజు మాస్టారూ? బోల్టు కూడా ఇమ్మంటారా, వట్టి నట్టేనా?” అంటూ ఇనప సామాను కొట్టాయన డబ్బాలోంచి గుప్పెడు తీసి బల్లమీద పోశాడు.

“ఇనపది కాదు. ఎముకతో చేసింది.”

ఆయన నాకేసి ఒకసారి, నా వెనక నిలబడ్డ మేస్త్రీకేసి ఒకసారి చూశాడు. తరువాత ఎంతో మర్యాదగా, “కాలేజీలో అంతా కులాసాయే కదండీ?” అని అడిగాడు.

తప్పు ఆయనది కాదు, ఆ పేరు పెట్టినవాళ్లది. గిటారు మెడ పైచివర, తీగెలు బిగించే మరలకు కాస్త ఇవతల, అడ్డంగా ఒక చిన్న పలక ఉంటుంది. పొడవు నాలుగు సెంటీమీటర్ల చిల్లర, మందం మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. దానిమీద ఆరు గాట్లు. ఆరు తీగెలూ ఆ గాట్లలో ఆని మెడమీదుగా కిందికి దిగుతాయి. ఇంగ్లీషువాళ్లు దాన్ని నట్ అన్నారు. మన వీణకూ సరిగ్గా అదే చోట అదే పని చేసే భాగం ఒకటుంది. దానికి మనవాళ్లు పెట్టిన పేరు మేరువు. జపమాలలో పెద్దపూసకు కూడా అదే పేరు. జపం లెక్క అక్కడ మొదలైనట్టే తీగె లెక్క కూడా మేరువు దగ్గరే మొదలవుతుంది. నేను కొట్లో మేరువు కావాలని అడిగి ఉంటే ఆయన నన్ను ఏకంగా ఆసుపత్రికే పంపించి ఉండును, అది వేరే సంగతి.

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి గిటారుతో ఏం పని అని మీకు అనుమానం రావచ్చు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పుడు రెండేళ్లు వీణ నేర్చుకుని మానేసింది. విజయనగరంలో పుట్టి, సంగీత కళాశాల వీధిలో తిరుగుతూ వీణ మానేస్తావుటే అని మా అమ్మ బాధపడింది. పోయిన ఏడాది ఆ పిల్ల ఎలక్ట్రిక్ గిటారు కావాలంది. ఎలక్ట్రిక్ వాద్యమేమిటి, అదీ ఒక సంగీతమేనా అని బంధువులు కొందరు ముక్కు విరిచారు. వాళ్లకు పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ సంగతి గుర్తుచేశాను. ఆయన వాయించింది ఎలక్ట్రిక్ మాండలినే. జంటతీగెల నాలుగు వరసలు తీయించి, ఒంటితీగెలు ఐదు కట్టించుకుని, దానిమీద కర్ణాటక సంగీతాన్ని పలికించారు. ఆ మాటతో వాళ్లు ఊరుకున్నారు. నా జేబు మాత్రం ఊరుకోలేదు. చివరకు ఆరువేల రూపాయల గిటారు ఒకటి ఇంటికొచ్చింది. ఏ కంపెనీదో అడక్కండి. ఆ ధరకు వచ్చేవన్నీ ఇంచుమించు ఒక తల్లి పిల్లలే.

అమ్మాయి ఫోనులో పాఠాలు చూస్తూ మూడు నెలలు సాధన చేసింది. ఆ మూడు నెలలూ మా ఇంట్లో వినిపించిందేమిటో ఉన్నదున్నట్టు చెప్పాలి. శ్రుతి చేసుకోవడం, ఒక కార్డు మీటడం, మొహం చిట్లించడం, మళ్లీ శ్రుతి చేసుకోవడం. సి అనే కార్డు సరిపోతే ఈ అనేది చెడుతుంది. ఈ సరిచేస్తే సి వికటిస్తుంది. రోజూ ఇదే వరస. ఒక ఆదివారం ఇంట్లో చుట్టాలున్నారు. నేను పత్రిక చదువుకుంటూ, అటు తిరగనైనా తిరక్కుండా, “నీకు శ్రుతిజ్ఞానం లేదమ్మా, అందుకే వీణా రాలేదు, ఇదీ రావటంలేదు,” అనేశాను.

చుట్టాలు నవ్వారు. పిల్ల ఏమీ అనలేదు. మర్నాటికి గిటారు బీరువామీదికి ఎక్కింది. దానికి పాత దుప్పటి ఒకటి కప్పింది.

అంతటితో ఆ కథ ముగిసేదే. దసరా సెలవుల్లో బీరువా దులుపుతూ మా ఆవిడ ఆ గిటారు దించి నా చేతిలో పెట్టింది. ఏమీ తోచక అమ్మాయి ఫోను అడిగి తీసుకుని, అందులోని శ్రుతిపెట్టె తెరిచాను. తీగె మీటితే ఏ స్వరమో అక్షరంతో చూపిస్తుంది. ఎక్కువైతే ముల్లు కుడికి, తక్కువైతే ఎడమకు వాలుతుంది. ఆరు తీగెలూ ఉత్తవి మీటి ఓపిగ్గా శ్రుతి చేశాను. ముల్లు నడిమధ్య నిలిచింది. తరువాత రెండో తీగెను మొదటి మెట్టుమీద నొక్కి మీటాను. ముల్లు కుడికి వాలింది. నా వేలు మొరటుదేమోనని మెల్లగా నొక్కి చూశాను. మళ్లీ కుడికే. మొదటి తీగె నొక్కితే ఇంకాస్త ఎక్కువ. మెట్లు దిగి ఏడో మెట్టుకూ, ఎనిమిదో మెట్టుకూ వెళితే ముల్లు బుద్ధిగా మధ్యకు వస్తోంది.

లెక్క ఇలా ఉంది. అరస్వరానికి నూరు సెంట్లు. మొదటి మెట్టు దగ్గర మా గిటారు 20 సెంట్లు ఎక్కువ పలుకుతోంది, అంటే అరస్వరంలో ఐదో వంతు. రెండో తీగె మొదటి మెట్టుమీద పలకవలసిన సి స్వరం సెకనుకు సుమారు 262 కంపనలు. 20 సెంట్లు పెరిగితే మరో 3 కంపనలు కలుస్తాయి. సరైన స్వరంతో కలిపి వింటే సెకనుకు మూడుసార్లు అల కొట్టినట్టు వణుకుతుంది. నేర్చుకునేవాళ్లు మొట్టమొదట పట్టే కార్డులన్నీ మెడ పైభాగంలోనే ఉంటాయి. వాటిలో కొన్ని తీగెలు ఉత్తవి, కొన్ని మొదటి రెండు మెట్లమీద నొక్కినవి. ఉత్తతీగెలు సరిగ్గా ఉంటే నొక్కినవి తప్పు. నొక్కినవాటికి సరిచేస్తే ఉత్తవి తప్పు. మూడు నెలలపాటు ఆ పిల్ల చేసింది ఈ వెట్టిచాకిరీ! చెవి లేనివాడు దీన్ని పట్టించుకోడు, వాయించుకుంటూ పోతాడు. చెవి ఉంది గనకనే అది మొహం చిట్లించుకుంది.

ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదంటే అతిశయోక్తి అనుకోకండి.

రోగం తెలిసింది గాని మందు తెలియలేదు. ఆ వారంలోనే ఒక పెళ్లికని బొబ్బిలి వెళ్లవలసి వచ్చింది. గిటారు కూడా తీసుకువెళ్లాను. బొబ్బిలికి ఆనుకునే గొల్లపల్లి. పనసదుంగ ఒక్కటే తీసుకుని, అతుకు లేకుండా ఏకాండి వీణ చెక్కే సర్వసిద్ధివారి ఊరు అది. నేను వెళ్లేసరికి ఒక పెద్దాయన వీణకు మెట్లు కూరుస్తున్నారు. వీణకు 24 మెట్లు. నల్లని మైనంలో ఒక్కొక్క మెట్టునే నిలబెట్టి, తీగె మీటి, చెవితో విని, వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి స్థిరపరచాలి. ఎప్పుడైనా స్వరం జారితే మైనం కరిగించి సవరించుకోవచ్చు. గిటారుకు ఆ వీలు లేదు. దాని మెట్లు చెక్కలోకి దిగగొట్టిన ఇత్తడి, నికెలు కలగలిసిన తీగెలు. వాటి చోటు ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది.

పెద్దాయన గిటారు అందుకుని, ఒక కన్ను మూసి మెడవెంట చూశారు. మొదటి మెట్టు దగ్గర తీగెను నొక్కి వదిలి, మళ్లీ నొక్కారు.

“ఇక్కడ తీగె ఇంత ఎత్తుందేటి బాబూ? మేరువులో గాట్లు దిగలేదు. పిల్ల వేలేసేసరికి తీగె సాగుతోంది, సాగితే స్వరం పైకి పోదా? వీణమీద గమకం కావాలంటే మనం తీగెను లాగుతాం. దీనిమీద లాగక్కర్లేకుండానే లాగినట్టయిపోతోంది.”

“అయితే అమ్మాయి చెయ్యి తప్పు కాదంటారా?”

“అమ్మాయి చెయ్యేటి చేస్తాది?” అన్నారాయన. “నేనెప్పుడూ గిటార్లు ముట్టుకోలేదు, మీరే నెమ్మదిగా దింపుకోండి. ఒక్కటి, అరగదీసింది మళ్లీ అతకదు.”

తిరిగి వచ్చాక చదివి తెలుసుకున్నదేమిటంటే, చవక గిటార్లన్నిటికీ ఇంచుమించు ఇదే జబ్బు. గాటు తీయడం యంత్రంతో పూర్తిగా తేలే పని కాదు. ఒక్కొక్క గిటారును చేతిలోకి తీసుకుని, తీగెలు వేసి, ఆకురాయితో కొద్దికొద్దిగా దింపుతూ చూడాలి. పనివాడి గంటలకు కూలి ఇవ్వాలి. గాటు మరీ లోతైతే తీగె మెట్లకు తగిలి రొద చేస్తుంది, కొనేవాడు దుకాణంలోనే తిప్పికొడతాడు. ఎత్తుగా ఉంటే రొద ఉండదు, అంచేత దుకాణంలో ఎవరూ కనిపెట్టరు. ఇంటికి తీసుకువెళ్లిన కొత్తవాడు తన వేళ్లనే తిట్టుకుంటాడు. వ్యాపారానికి ఎత్తే క్షేమం! పైగా లోపల బోలుగా ఉండే ప్లాస్టిక్కు ముక్క వేస్తారు.

ఇంతకూ ఆ ముక్క ఎక్కడుండాలి, ఎంత ఎత్తుండాలి అన్నది చిన్న లెక్కేమీ కాదు. 1550లో విజయనగరంలో రామామాత్యుడు స్వరమేళకళానిధి రాస్తూ వీణ మెట్ల స్థానాలను శాస్త్రంగా నిర్ణయించాడు. సరిగ్గా 31 ఏళ్ల తరువాత, 1581లో, ఇటలీలో విన్సెంజో గెలిలీ అనే ఆయన లూట్ అనే తీగెవాద్యానికి మరో సూత్రం చెప్పాడు. మెట్టు మెట్టుకూ మిగిలిన తీగె పొడవులో 18వ వంతు తగ్గిస్తూ పొమ్మన్నాడు. దుర్భిణీతో ఆకాశాన్ని చూసిన గెలీలియో ఈయన కొడుకే. ఇప్పుడు 18కి బదులు 17.817తో భాగిస్తారు. మా గిటారు తీగె పొడవు 648 మిల్లీమీటర్లు. భాగిస్తే మొదటి మెట్టు నట్టుకు 36 మిల్లీమీటర్ల చిల్లర దూరంలో పడుతుంది. ఇంత దగ్గరగా ఉన్నచోట తీగె కొంచెం ఎత్తుగా ఉన్నా వేలికింద బాగా సాగుతుంది. కిందికి పోయినకొద్దీ ఆ ఎత్తు ప్రభావం పలచబడుతుంది. ఏడో మెట్టు దగ్గర ముల్లు మధ్యకు రావడానికి కారణం అదీ.

మొదట ఉన్న ప్లాస్టిక్కు ముక్కనే బాగుచేద్దామనుకున్నాను. ఎంత దింపాలో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. తీగెను మూడో మెట్టు దగ్గర నొక్కిపట్టి, మొదటి మెట్టుపైన చూడాలి. తీగెకూ మెట్టుకూ మధ్య పలచని కాగితం దూరేంత సందు ఉండాలి. గోటితో తడితే టిక్కుమని చిన్న చప్పుడు రావాలి. ఏ చప్పుడూ రాకుండా తీగె మెట్టుకు అతుక్కుని ఉంటే గాటు మరీ లోతైపోయిందన్నమాట. మా గిటారులో ఐదు తీగెల కింద శుభలేఖ అట్ట దూరుతోంది. ఆరోదానిది, అంటే వరసలో నాలుగో తీగెది, విరుద్ధమైన కథ. గాటు మరీ వదులై, అడుగు అరిగి, ఉత్తతీగె మీటితే తేనెటీగలా రొద చేస్తోంది. నొక్కి మీటితే రొద లేదు. రొద ఉత్తతీగెకే పరిమితమైతే దోషం నట్టుది. నొక్కినా వస్తుంటే దోషం మెట్లలోనో, మెడ వంపులోనో, కింది బ్రిడ్జిలోనో వెతుక్కోవాలి. మెడ వంపు సరిగ్గా ఉందో లేదో ముందే చూసుకోకుండా నట్టుమీద చెయ్యి వేయకూడదు.

అరిగిన గాటు పూడ్చడానికి మందు వంటింట్లోనే దొరికింది. వంటసోడా! గాట్లో చిటికెడు సోడా నింపి, పైన చిటికెలో అతుక్కునే జిగురు ఒక్క చుక్క వేస్తే, క్షణంలో వేడెక్కి రాయిలా గట్టిపడుతుంది. దాన్ని మళ్లీ కోసి కొత్త గాటు చేసుకోవచ్చు. మా ఆవిడ బజ్జీలకు కలపబోతూ డబ్బా కోసం వెతికి, అది నా బల్లమీద గిటారు పక్కన కనిపించేసరికి ఏమన్నదో ఇక్కడ రాయను. వైద్యం మాత్రం పనిచేసింది, రొద పోయింది. ఆ ఉత్సాహంలో తక్కిన గాట్లు దింపుతుంటే మొదటి తీగె పక్కనున్న ప్లాస్టిక్కు అంచు పుటుక్కున విరిగింది. తీగెను పట్టే గోడ లేక అది మెడ అంచు దాటి జారిపోతోంది. ఇక ముక్క మొత్తం మార్చక తప్పదు.

మొదట చెప్పిన ఇనపకొట్టు ఘట్టం అప్పటిదన్నమాట. ఆ కొట్టాయనకు అన్యాయం చేయకూడదు. గిటారు తెచ్చి చూపించి, సన్నని గాట్లు తీయాలి, అసలైన ఆకురాళ్ల సెట్టు కొందామంటే దాని ఖరీదు గిటారు ఖరీదుకు దగ్గరగా ఉందని మొరపెట్టుకున్నాను. ఆయన క్షణం ఆలోచించి, లోపలినుంచి చిన్న రేకుపెట్టె తెచ్చాడు. గ్యాస్ వెల్డింగు చేసేవాళ్లు నాజిల్ రంధ్రాలు శుభ్రం చేసుకునే గరుకుతీగెల కట్ట! సన్నం నుంచి లావు దాకా పది పన్నెండు తీగెలు, ఒక్కొక్కటీ ఒక్కొక్క మందం. గిటారు మొదటి తీగె మందం 0.23 మిల్లీమీటరు, ఆరోది 1.07. ఏ గాటుకు ఆ తీగె ఎంచుకుని రంపంలా రాస్తే చాలు. నాజిల్ శుభ్రం చేసే వస్తువుకు స్వరం సవరించే ప్రజ్ఞ కూడా ఉందని ఆయనకు మాత్రం ఎలా తోచిందో! ఇప్పుడు నేనా కొట్టుకు వెళితే “ఎముక దొరికిందా మాస్టారూ?” అని పలకరిస్తాడు.

ఎముక పోస్టులో వచ్చింది, మూడువందల రూపాయలు. తెల్లగా, నున్నగా, దంతపు ముక్కలా ఉంది. అది పశువుల ఎముక అని అమ్మకు తెలియకుండా ఉంచుదామనుకున్నాను గాని, అట్టపెట్టెమీద రాసి ఉన్నది మనవరాలే చదివి వినిపించింది.

“ఎముకా! సరస్వతికి ఎముక కడతావురా?” అంది అమ్మ.

తంజావూరు వీణలకు పూర్వం జింకకొమ్ము, ఏనుగుదంతం తాపడం చేసేవారని, అవీ జంతువులవేనని చెప్పాను. “కొమ్ము వేరు, ఎముక వేరు,” అంది. తర్కశాస్త్రంలో ఈ భేదం ఎక్కడుందో నాకు తెలియదు. చివరికి, “పూజగది వైపు తీసుకురాకండి,” అని రాజీకి వచ్చింది. పిల్ల ఈ వాదమంతా గుమ్మంలో నిలబడి వింది. మూడు నెలలలో ఆ గిటారుకేసి తిరిగి చూడటం అదే మొదలు.

పాతముక్క తీయడంలో ఒక గండం ఉంది. మా గిటారు నమూనాలో అది మెడమీద కోసిన చిన్న కాలువలో కూర్చుని ఉంటుంది. సుత్తితో ముందునుంచి కొడితే వెనకున్న పలచని చెక్క ఎగిరిపోతుంది. అందుకని అంచులచుట్టూ బ్లేడుతో రంగుపూత కోసి, ముక్కను నిలువునా పొడవంతా సన్నరంపంతో మధ్యకు కోశాను. రెండు సగాలనూ పట్టకారుతో దగ్గరకు నొక్కితే జిగురు వదిలి వచ్చేశాయి. కాలువలో మిగిలిన పాత జిగురు గోకేశాను. కొత్తది గాజుపలకమీద పరిచిన గరుకుకాగితంమీద రుద్ది, కాలువలో బిగువుగా కూర్చునే మందానికి తెచ్చాను. రెండు సాయంత్రాలు పట్టింది. ఎముకపొడి వాసన ఉందే, దాన్ని గురించి అమ్మ మాటే నిజమనిపించింది. మూతికి గుడ్డ కట్టుకునే చేయాలి.

ఇక్కడ ఒక చిట్కా చెప్పకుండా ఉండలేను. పెన్సిలు ఒకటి నిలువునా అరగదీసి సగం చేయాలి. ఆ చదునైన వైపు మెట్లమీద ఆనించి నట్టుకేసి జరిపితే, ములికి మెట్ల ఎత్తెంతో అంతటి గీతను నట్టుమీద గీస్తుంది. గాట్లు ఆ గీతకు కొంచెం పైన ఆగాలి. గీత దాటామా, అంతే సంగతులు. గాటుకూ గాటుకూ దూరం కొలవడంలో కూడా ఒక మెలకువ ఉంది. తీగెల నడుమ నుంచి నడుమకు సమానంగా కొలిస్తే లావుతీగెలు ఇరుకుగా కనిపిస్తాయి. అంచుకూ అంచుకూ మధ్య ఖాళీ సమానంగా ఉండాలి. ఈ కొలతలన్నీ మా అమ్మాయే వేసింది. నేను అడగలేదు. స్కేలు నా చేతిలోంచి తీసుకుని, “నాన్నా, మీ కళ్లద్దాలు మార్చుకోవాలి,” అంది. అంతే.

గాటు అడుగు సమంగా ఉండకూడదు. మెట్లవైపు అంచు ఎత్తుగా, మరలవైపుకు వాలుగా ఉండాలి. తీగె నట్టును విడిచే ఆఖరి బిందువు మెట్లవైపు అంచే కావాలి. అడుగు చదునుగా ఉన్నా, వాలు తప్పినా తీగె గాట్లోనే అదిరి జివ్వుమంటుంది. ఇది రాస్తుంటే తంబురా గుర్తొస్తోంది. తంబురా కింది బ్రిడ్జిని కావాలనే వెడల్పుగా, కొంచెం గుండ్రంగా చేస్తారు. తీగెకింద నూలుపోగు దూర్చి జరుపుతూ, ఆ జివ్వుమనే నాదం ఎక్కడ విచ్చుకుంటుందో వెతికి అక్కడ ఆపుతారు. ఆ నూలుపోగు పేరు జీవ! అలాగే తీగెలమీద ఉక్కుకడ్డీ జార్చి వాయించే గిటారుకు నట్టు ఎత్తుగానే ఉండాలి, లేకపోతే కడ్డీ మెట్లకు తగులుతుంది. 1967లో వచ్చిన కాల్ ఆఫ్ ది వ్యాలీ రికార్డులో బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటారు విన్నవారికి ఆ జారుడు అందం తెలుసు. మా ఇంటి గిటారుకు జబ్బుగా తేలిన రెండు లక్షణాలూ ఇంకోచోట గుణాలే.

ఐదు గాట్లు బాగానే కుదిరాయి. ప్రతి నాలుగు రాపిళ్లకూ తీగె వేసి, శ్రుతికి తెచ్చి, మూడో మెట్టు నొక్కి చూసి, మళ్లీ వదులుచేయాలి. ఇంత ఓపిక నా విద్యార్థుల జవాబు పత్రాలమీద ఎప్పుడైనా చూపించానా అంటే లేదనే చెప్పాలి. ఆరో గాటు, మూడో తీగెది, మిగిలింది. అప్పటికి రాత్రి పదిన్నర. ఇంక కాస్తేగదా అని పరీక్ష చేయకుండా ఆరుసార్లు గట్టిగా రాశాను. తీగె వేసి మీటితే రొద. గీత దాటేశాను. గొల్లపల్లి పెద్దాయన మాట చెవిలో మోగింది.

“వంటసోడా ఉందిగా నాన్నా,” అంది అమ్మాయి.

సోడా కాదు, రుద్దగా రాలిన ఎముకపొడినే గాట్లో నింపాం. అదే జిగురు, ఒక్క చుక్క. పది నిమిషాలాగి మళ్లీ కోశాం. ఈసారి తీగె దాని చేతిలో ఉంది. నట్టు కాలువలో మాత్రం రెండు చిన్న చుక్కల మామూలు జిగురుతోనే నిలిపాం. ఎప్పుడో ఒకనాడు ఇంకొకరు మార్చవలసి వస్తుంది, వాళ్లకు సులువుగా ఊడిరావాలి. చివరగా గాట్లలో పెన్సిలు ములికి రుద్దాం. ఆ నల్లపొడి ఉంటే తీగె గాట్లో పట్టేయకుండా జారుతుంది. మర తిప్పుతున్నప్పుడు టింగుమని తెగినట్టు వచ్చే చప్పుడు పోతుంది, చేసిన శ్రుతి నిలుస్తుంది.

మర్నాడు ఉదయం అమ్మాయి గిటారు తీసుకుని కూర్చుంది. సి కార్డు పట్టింది. మీటి, ఆగింది. ఈ పట్టింది. మళ్లీ సి. మొహం చిట్లించలేదు. నేను పత్రిక మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను గాని ఒక్క అక్షరం చదివితే ఒట్టు. ఫోనులో చూస్తే మొదటి మెట్టు దగ్గర ముల్లు కుడికి రెండు మూడు సెంట్లకు మించి వాలడంలేదు. మంచి గిటార్లకే అంత తేడా ఉంటుందట.

“అమ్మా, ఆ రోజు చుట్టాల ముందు నేనన్నది...” అని మొదలుపెట్టాను.

“ఉండండి నాన్నా,” అంది, తల పక్కకు వంచి, మూడో తీగెను మొదటి మెట్టుమీద నొక్కి రెండుసార్లు మీటి. “ఇది ఇంకా ఒక్క పిసరు ఎక్కువ పలుకుతోంది.”

నాకు ఏ తేడా వినిపించలేదు. ఫోను దగ్గర పెట్టి చూశాను. మూడో తీగెకు ముల్లు ఆరు సెంట్లు కుడికి ఉంది. లేచి వెల్డింగు తీగెల పెట్టె తెచ్చుకున్నాను.